వెనక సీటుకు సరిపోయే బ్యాగు

మా అక్క కట్టుడు పళ్ళు చేస్తుంది. పళ్ళ డాక్టర్లు నోటి అచ్చు తీసి పంపిస్తే, ల్యాబులో కిటికీ పక్క బల్ల ముందు కూర్చుని మైనంలో పళ్ళు ఒక్కొక్కటే నిలబెడుతుంది. ఆ మైనం సెట్టు డాక్టరు దగ్గరికి వెళ్ళి, మనిషి నోట్లో కూర్చుని, సరిపోయిందనిపించుకున్నాకే అసలుది తయారవుతుంది. అందుకే అక్క పెట్టి చూడనిదే దేన్నీ నమ్మదు. చెప్పులు కొనాలన్నా షాపు ఈ చివరి నుంచి ఆ చివరిదాకా నడిచి చూస్తుంది. పెళ్ళి సంబంధాలు వచ్చే రోజుల్లో, "మొగుణ్ణొక్కణ్ణే పెట్టి చూసుకోకూడదంటారేంటి?" అని అమ్మను అడిగి చీవాట్లు తింది. చివరికి పెళ్ళి చేసుకోలేదు. మోటారు సైకిల్ కొనుక్కుంది.

శనివారం పొద్దున్నే బయల్దేరేది. ఏదో ఒక కొండదారి పట్టుకుని పోయి, దొరికిన లాడ్జిలో పడుకుని, ఆదివారం సాయంత్రానికి దుమ్ము కొట్టుకుపోయి తిరిగొచ్చేది. ఆ ముఖంలో వెలుగు చూస్తే నాకు కుళ్ళు పుట్టేది. చెప్పుకోవడానికి సిగ్గెందుకు? మొగుడూ పిల్లలూ అడ్డం పడకుండా నేను వీధి చివరిదాకా కూడా వెళ్ళలేను.

కిందటి వర్షాల్లో ఒక మలుపు దగ్గర బండి జారి అక్క కుడి మణికట్టు విరిగింది. అన్నయ్యకు అదే అదనయింది. ఆయన ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసి రిటైరయ్యాడు. ఇప్పుడు ఆయనకు మిగిలిన సిబ్బంది మేమిద్దరమే. అక్క చేతికి కట్టు పడ్డ రోజే బండి తాళం పట్టుకెళ్ళి తన జేబులో వేసుకున్నాడు. కట్టు విప్పాక కూడా ఇవ్వలేదు.

"ఇక ఒంటరి ప్రయాణాలు లేవు. శనివారం తాళం తెస్తాను, వెనక నేను కూర్చుంటాను," అన్నాడు. ఈ మధ్యే పైవరుస పళ్ళు కొత్తగా పెట్టించుకున్నాడేమో, మాట కూడా గట్టిగానే పలికింది.

"ఇంకో తాళం చేయించుకో," అని నేను అక్కకు చెప్పాను.

"నా బండికి నాకు దొంగతాళం దేనికే? ఆయన చేత్తోనే ఇప్పించుకుంటాను," అంది.

అలా అన్నయ్య వెనకెక్కాడు. దారంతా "చూసుకో, లారీ", "చూసుకో, గేదె" అని చెవిలో హోరు. ఆనకట్ట దగ్గర అక్క బండి ఆపి నీళ్ళ వైపు చూస్తూ నిలబడితే, "ఇక్కడ నీళ్ళు తప్ప ఏముంది?" అన్నాడట. పొద్దు వాలకముందే వెనక్కి తిప్పించాడు. ఆ ఆదివారం అక్క మా ఇంటికి వచ్చి, దుమ్మైనా అంటని ముఖంతో ఓ మూల కూర్చుంది. అక్కను అలా చూడడం నా వల్ల కాలేదు.

అంతకుముందు అక్క సామాను సీటు మీదే తాడేసి కట్టుకునేది. ఇప్పుడు సీటు అన్నయ్యది కాబట్టి, ఆయనే షాపుకు వెళ్ళి అటూ ఇటూ వేలాడే జంట సంచులు కొనుక్కొచ్చాడు. బండి దగ్గర పెట్టి చూడనైనా లేదు. కుడి వైపు సంచి తిన్నగా సైలెన్సరు మీద కూర్చుంది. దారిలో వాసనొస్తే, "ఎవరో చెత్త తగలబెడుతున్నట్టున్నారు," అన్నాడట ఆయన. తగలబడుతున్నది ఆయన కాలి పక్కనే. అక్క రెయిన్‌కోటు కరిగి ముద్దయింది. తప్పెవరిదంటే, బండి వేగంగా నడిపిన అక్కదేనట.

"బ్యాగు నేను కొనుక్కుంటాను," అంది అక్క.

తాళం లేదు కనుక బండిని షాపుకు తీసుకెళ్ళే దారి లేదు. రోజూ నోటి అచ్చులతో పనిచేసే మనిషికి సీటుకు అచ్చు తీయడం ఓ పనా? అట్టపెట్టె చింపి, సీటు మీద పరిచి, అంచు వెంబడి గీసి కత్తిరించింది. ఆ అట్ట చంకన పెట్టుకుని షాపులోకి నడుస్తుంటే నేను కాస్త ఎడంగా నడిచాను.

జంట సంచులు కాలిన సంగతి చెప్పగానే షాపాయనకు అన్నయ్య గుర్తొచ్చాడు. "సార్ రాలేదామ్మా?" అని అడిగాడు.

"బండి నాది," అంది అక్క, అట్టను కౌంటరు మీద పరుస్తూ.

మొదటి బ్యాగు చూడ్డానికి బాగానే ఉంది గానీ జిప్పు రెండోసారికే మొరాయించింది. ఇంకోదానికి వానతొడుగు విడిగా ఇచ్చారు. "వాన మొదలయ్యాక తొడుగు వెతుక్కుంటూ కూర్చోనా?" అని పక్కకు తోసింది. తర్వాత నల్లటిదొకటి వచ్చింది. మూతి చుట్టి బిగించేది, అడుగున జారని రబ్బరు, నాలుగు మూలలా బెల్టులు. అట్ట మీద పెడితే ఈ అంచు నుంచి ఆ అంచుకు సరిగ్గా కూర్చుంది.

షాపాయన తల గోక్కున్నాడు. "ఇది కడితే వెనక మనిషికి చోటుండదమ్మా."

"కొంచెం సర్దుకుని కూర్చుంటే?"

"పిల్లి కూడా కూర్చోలేదు."

"అయితే ఇదే ఇవ్వండి," అంది. చాలా రోజుల తర్వాత అక్క నవ్వడం చూశాను.

శనివారం పొద్దున నేనూ అక్కడే ఉన్నాను. ఈ తమాషా వదులుకుంటానా? అన్నయ్య హెల్మెట్ పెట్టుకుని, తాళం వేలికి తిప్పుకుంటూ వచ్చి, బండి దగ్గర ఆగిపోయాడు.

"ఇదేంటి?"

"బ్యాగు అన్నయ్యా."

"మరి నేనెక్కడ కూర్చోను?"

"మీ ఇంట్లో కుర్చీలున్నాయిగా."

అన్నయ్య ముఖం ఎర్రబడింది. "వెటకారమా? మళ్ళీ పడితే ఎవరే చూసేది? విరిగి అతికిన చెయ్యి అది. దాని మీద నాకు నమ్మకం లేదు."

అక్క దగ్గరికి వెళ్ళింది. "ఏదీ, నోరు తెరువు."

పళ్ళు చూపించడం అలవాటైన మనిషి కదా, తెరిచేశాడు.

"ఆ పైవరుస ఎవరు చేశారు?"

"నువ్వే."

"కట్టు విప్పాక ఈ చేత్తో చేసిన మొదటి సెట్టు అది. మూడు పూటలా దాంతోనే నములుతున్నావు. నన్ను తిట్టేది కూడా దాంతోనే. ఈ చెయ్యి మీద నమ్మకం లేకపోతే అది తీసి ఇక్కడ పెట్టు. ఇంకెప్పుడూ తాళం అడగను."

అదే చెయ్యి ఆయన ముందుకు చాచింది. అన్నయ్య నోరు మూసుకున్నాడు. ఆ చేతి వైపు చూశాడు, నా వైపు చూశాడు. నేను ఆకాశం వైపు చూశాను. కాసేపటికి పెదవులు బిగించుకునే తాళం అక్క చేతిలో పెట్టాడు.

అక్క బండెక్కి, స్టార్టు చేసి వెళ్ళిపోయింది.

బండి మలుపు తిరిగి కనిపించకుండా పోయాక, అన్నయ్య హెల్మెట్ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఆ బ్యాగు దారిలో ఊడిపోదు కదా?" అని మెల్లగా అడిగాడు.

"పెట్టి చూసుకునే కొంది," అన్నాను.