కమీషన్ వద్దన్న మనిషి

ఖాళీ ఇంటి వంటగదిలో కుళాయి తిప్పి, దోసిట్లో నీళ్ళు పట్టి నా కొడుక్కి తాగించాను. వాడు వదిలేసిన గుక్కెడు నేను తాగాను. తియ్యగా ఉన్నాయి.

అనంతపురం శివార్లలో, కళ్యాణదుర్గం రోడ్డు వైపు బోరు నీళ్ళు తియ్యగా ఉండవు. గిన్నెల అడుగున తెల్లటి పొర కడతాయి. పప్పును ఉడకనివ్వవు. సబ్బు ఎంత రుద్దినా నురగ రాదు. డిగ్రీలో కెమిస్ట్రీ చదివిన నాకు ఇది ఇంకొకరు చెప్పాల్సిన పని లేదు. కుళాయిలో వచ్చిన నీళ్ళు ఆ నేల కింద నుంచి రాలేదు.

"ఎట్లుండాయమ్మా నీళ్ళు?" వెనక నుంచి బ్రోకర్ అడిగాడు.

"బాగుండాయన్నా," అన్నాను.

అలా ఎందుకన్నానో చాలాసార్లు ఆలోచించాను. పక్క గదిలో మా ఆయన మంచం ఎటు వేయాలో అడుగులతో కొలుస్తున్నారు. మా అమ్మాయి కిటికీ అరుగెక్కి కూర్చుని, ఇది నాదని తమ్ముడికి ముందే చెప్పేసింది. ఇవి చాలవన్నట్టు, ఆ బ్రోకర్ మా దగ్గర రూపాయి కూడా తీసుకోవడం లేదు. మేలు చేస్తున్నవాడిని అనుమానించడం మర్యాద కాదనుకున్నాను.

ఆయన కంటే ముందు మేం ఇంకో బ్రోకర్ దగ్గరికి వెళ్ళాం. రిజిస్ట్రార్ ఆఫీసు ముందు, స్టాంపు పేపర్లు అమ్మే బంకు పక్కన బల్ల మీద కూర్చునే ముసలాయన. మేం నిలబడి ఉండగానే తన మాట చెప్పేశాడు.

"నూటికి రెండు నాకియ్యల్ల. ఇచ్చేటట్లుంటే కూచోండి. లేదంటే టీ తాగి పోండి, టీ దుడ్లు నేనే ఇస్తాలే."

కూర్చున్నాం. ఎలాంటి ఇల్లు కావాలో మేం చెబుతుంటే ఆయన మధ్యలోనే ఆపాడు.

"గదులు, రంగులు తరువాత. బోరెన్ని అడుగులు, యా నెలలో చూడల్ల, అదడగండి. వానలు పడినంక చూస్తే ప్రతి బోరూ గంగమ్మే. ఎండాకాలం రానీ, మిట్టమధ్యాన్నం నేనే తీసకపోయి మోటరేసి చూపిస్తా."

"అంతదాకా ఆగాలంటే కష్టమన్నా. మాది బాడుగ ఇల్లు," అన్నాను.

"ఇన్నేండ్లు ఆగినారు. ఆరు నెలలకే సస్తారా?"

దారిపొడవునా మా ఆయన గొణుగుతూనే ఉన్నారు. "ఏం పొగరప్పా! ఇల్లు చూపీకముందే దుడ్లంటాడు, సస్తారా అంటాడు." నేనూ అవునన్నాను. మా బాడుగ ఇంటి ఓనరమ్మ పొద్దున ఇరవై నిమిషాలు మోటారు వేసి, మేం ఎన్ని బిందెలు పడుతున్నామో గుమ్మంలో నిలబడి చూస్తుంది. పిల్లల యూనిఫాం ఉతికిన నీళ్ళతోనే బండలు తుడిచేదాన్ని. ఇంకో ఎండాకాలం ఆమె కళ్ళ ముందు బిందె పట్టుకుని నిలబడటం నా వల్ల కాదనిపించింది.

రెండో ఆయన తానే మా ఇంటికి వచ్చాడు. మా ఆయన పనిచేసే స్కూల్లో ఒక సారు పంపారు. కుర్చీ వేస్తే వద్దని చాప మీద కూర్చున్నాడు. ఉగ్గాని పెడితే, ఇంగో రెండు బజ్జీలెయ్‌ అని అడిగి తిన్నాడు. మా వాడిని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు. మా ఆయన మొహమాటపడుతూ కమీషన్ సంగతి ఎత్తగానే రెండు చెవులూ మూసుకున్నాడు.

"ఆ మాట మాట్లాడితే లేసి పోతా. చెల్లెలి దగ్గర దుడ్లు తీసుకోని యాడ పెట్టుకుందును?"

నాకు అన్నదమ్ములు లేరు. ఆ రోజు పొంగిపోయాను. మరి ఆయన పొట్ట ఎవరు నింపుతున్నారని చదువుకున్న మేమిద్దరం ఒక్కసారైనా అడగలేదు. ఇల్లు అమ్మే మనిషి బెంగుళూరులో ఉంటాడని, అన్నీ ఈయనే చూసుకుంటాడని మాకు తెలుసు. ఆ రెండింటినీ కలిపి చూడలేదు. మొహం మీద రేటు చెప్పినవాడు ఆశపోతు, అడగనివాడు అన్న. అలా ఎంచుకున్నాం.

శుక్రవారం మంచిదని బయానా ఇచ్చాం. మేం వెనక్కి తగ్గితే బయానా తిరిగి రాదని అగ్రిమెంటులో ఉంది. చదివే సంతకం పెట్టాం. మా పెళ్ళయినప్పటి నుంచి దాచింది, నా గాజులు అమ్మగా వచ్చింది, అంతా అందులోనే ఉంది.

నాలుగు రోజులు నోట్లో ఆ తీపి పోలేదు. ఐదో రోజు పిల్లలను బడికి పంపి, ఎవరికీ చెప్పకుండా షేరాటో ఎక్కి ఆ వీధికి వెళ్ళాను. ఎదురింటామె వాకిట్లో గిన్నెలు తోముతోంది.

"అక్కా, ఆ ఇంట్లో బోరుకు నీళ్ళొస్తాయా?"

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. "బయానా ఇచ్చినారా?"

"ఇచ్చినాం."

"ఇంగేమడుగుతావు? అది ఎండి మూడేండ్లాయ. ఎవరన్నా చూసేకి వస్తారంటే ముందురోజు ట్యాంకరొచ్చి సంపు నింపిపోతాది. మీ ముందర ఇద్దరొచ్చినారు. వాళ్ళు తెలివైనోళ్ళు, మోటరు గంటసేపు ఆపకుండా ఏపిచ్చినారు."

"ఆ పొద్దు మేమొచ్చినప్పుడు నువ్వు ఈడే ఉంటివి కదక్కా. ఒక్క మాట చెప్పకూడదా?"

"నువ్వడిగితివా?" అంటూ ఆమె మళ్ళీ గిన్నె అందుకుంది. తర్వాత గొంతు తగ్గించింది. "మా ఇల్లూ అమ్మల్లమ్మా. ఆయప్పే అమ్మిచ్చల్ల. నా నోట్లో నుంచి వచ్చిందని మాత్రం అనాకు."

సాయంత్రం మా ఆయన ఫోన్ చేస్తే బ్రోకర్ వెంటనే వచ్చాడు. ఈసారి కుర్చీలో కూర్చున్నాడు. ముఖంలో సిగ్గు కనిపిస్తుందేమోనని చూశాను. లేదు.

"బోరన్నంక ఎండుతాది, ఇంగోటి ఏపిచ్చుకుంటారు. అనంతపురంలో పుట్టినోళ్ళకు నేను చెప్పల్లనా?"

"మమ్మల్ని మోసం చేస్తివి కదన్నా," అన్నాను.

"నీళ్ళు బాగుండాయని నువ్వే అంటివి కదమ్మా."

బ్రోకర్ మా ఆయన వైపు తిరిగాడు.

"వద్దంటే వద్దు సార్. బయానా వాపసిప్పిస్తా. ధర్మవరం దిక్కు నుంచి ఒక పార్టీ ఉంది. మగ్గాలోళ్ళు, మీ మాదిరే చిన్నపిల్లోళ్ళు. వాళ్ళు బయానా ఇచ్చిన రోజే మీది మీ చేతికొస్తాది. అంతవరకు నీళ్ళ మాట బయటికి రాకూడదు. వచ్చిందా, మీ దుడ్లు ఆ బోర్లో ఏసినట్లే."

మా ఆయన నా వైపు చూశారు. వద్దని నేనంటే వద్దనేవారే. నేను తలూపాను. బ్రోకర్ లేచి, పోతూ పోతూ మా వాడి బుగ్గ గిల్లిపోయాడు.

ఆ రాత్రి అందరూ పడుకున్నాక ఇది రాయడం మొదలుపెట్టాను. ఆ మగ్గాలామె కూడా కుళాయి కింద దోసిలి పడుతుంది. ఆమెకు నాలా కెమిస్ట్రీ తెలియకపోవచ్చు. రుచి మాత్రం తెలుస్తుంది. అప్పుడు ఆమె ఎదురింటి వైపు చూస్తుంది. ఎదురింటామె మాట్లాడదు. నేను ఆ వీధిలో ఉండను, కాబట్టి నన్నెవరూ అడగరు. ముసలాయన దగ్గరికి మళ్ళీ వెళదామా అనుకున్నాను. ఆయన తన రేటే చెబుతాడు, దాని కోసం ముందు బయానా తిరిగి రావాలి. ఎటు తిరిగినా ఆ ధర్మవరం వాళ్ళ దగ్గరే ఆగుతున్నాను.

పొద్దున అమ్మాయికి జడ వేస్తూ ఇద్దరికీ చెప్పాను. "మనం ఆ ఇంటికి పోవడం ల్యా."

"క్లాసులో అందరికీ చెప్పినా కదమ్మా!" అంది అమ్మాయి.

"వాస్తు కుదరలేదని చెప్పు. ఎవరడిగినా అదే చెప్పండి, ఇద్దరూ."

అమ్మాయి జడ నా చేతిలోంచి లాక్కుని నా వైపు తిరిగింది. "ఆడ నీళ్ళు ల్యావంట కదా? రాత్రి నువ్వు, నాయన మాట్లాడుకుంటాంటే ఇన్యా."

"నువ్వేమీ ఇనలేదు," అన్నాను.