పసరునీళ్ల పాఠం

మా మేనత్తను విశ్వవిద్యాలయం వాళ్లు పాఠాలు చెప్పడానికి తీసుకోలేదు, గిన్నెలు తోమడానికి తీసుకున్నారు. ఆహారం, పోషణ విభాగంలో ల్యాబ్ ఆయా ఉద్యోగం. పరీక్షల్లో అమ్మాయిలు మాడ్చిపెట్టిన గిన్నెలన్నీ ఆవిడ చేతిమీదుగానే తెల్లబడేవి. “వీళ్లకు పట్టాలిస్తారు గానీ మంట తగ్గించడం మాత్రం నేర్పరు” అని ఇంటికొచ్చి మా నాన్న దగ్గర విసుక్కునేది.

ఇంతలో ఆ విభాగానికి ఓ మంచి ఆలోచన వచ్చింది. తరగతి గదిలో చెప్పే పోషణ పాఠాలు వీధుల్లోకి వెళ్లి ఇల్లాళ్లకే చెబితే ఏం పోయింది? ఓ పాత వ్యాన్ సంపాదించి, వెనక తలుపు తీస్తే రెండు పొయ్యిల వంటగది కనబడేలా మార్చారు. విభాగంలో పాఠాలు చెప్పే మేడమ్ మైకు పట్టుకుని చెబుతుంది, పక్కన ఒకరు వండి చూపించాలి. ఎండలో నిలబడి గరిటె తిప్పడానికి చదువుకున్నవాళ్లెవరూ ముందుకు రాలేదు. అత్తయ్యను ఎక్కించారు. ఇక ఆవిడ కాలు నేలమీద నిలిస్తే ఒట్టు. మంగళ, శుక్రవారాలు పొద్దున్నే తెల్లకోటు వేసుకుని అద్దం ముందు అటూ ఇటూ తిరిగేది. నేను నవ్వితే, “నవ్వవే నవ్వు. నీ వయసులో నాకీ కోటు దొరికుంటే ఈపాటికి ఆ విభాగానికి పెద్దనయ్యేదాన్ని” అనేది.

మేడమ్ పాఠం మంచిదే. ఆకుకూర ఉడికించిన నీళ్లు పారబోయకండి, సత్తువ చాలావరకు అందులోకే దిగుతుంది, పప్పులో పోసి వండండి అని చెప్పేది. ఆడవాళ్లు తలలూపేవారు, అత్తయ్య చిన్న కప్పుల్లో పెట్టింది తినేవారు, బ్రహ్మాండంగా ఉందని వెళ్లిపోయేవారు.

రెండేళ్లు గడిచాక, ఈ వ్యాన్ వల్ల ఒరిగిందేమిటని పైవాళ్లు అడిగారు. మేడమ్ ఫారాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. నూరిళ్లలో తొంభై ఒక్క ఇళ్లు ‘నీళ్లు పారబోయడం లేదు’ అని చెప్పాయి. బుధవారం కమిటీ వస్తుంది. ఫలితం బాగుంటే వ్యాన్ ఉంటుంది, లేకపోతే షెడ్డుకు పోతుంది. వ్యాన్ షెడ్డుకు పోతే అత్తయ్య గిన్నెల తొట్టి దగ్గరికి పోతుంది.

సోమవారం పొద్దున సరిగ్గా వంటల వేళకు అత్తయ్య వ్యాన్ ఎప్పుడూ ఆగే వీధిలోంచి పనికి వెళ్తోంది. పక్క కాలువలో పచ్చటి నీళ్లు ఆవిరి కక్కుతూ పారుతున్నాయి. ఒక ఇంటి తూములోంచి కాదు, వీధి పొడవునా అదే వరస!

ఆ సాయంత్రం ఆవిడకు అన్నం సహించలేదు. “నువ్వు చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది అత్తయ్యా?” అన్నాను.

“మరి నాకు తెలిసి చచ్చిందే! నన్నేం చెయ్యమంటావు?” అంది.

మర్నాడు వెళ్లి మేడమ్‌కు చెప్పింది. మేడమ్ మొహం ఎర్రబడింది. “వాళ్లు సంతకాలు పెట్టిన ఫారాలున్నాయి నా దగ్గర. నువ్వు మురిక్కాలువలు చూసి నాకు లెక్కలు చెబుతావా?” అంది. కానీ మేడమ్ ముక్కుసూటి మనిషి. బుధవారం తెల్లారగానే తనే ఆ వీధంతా నడిచి చూసి తిరిగొచ్చింది.

కమిటీ ముందు కుండబద్దలు కొట్టినట్టు చెప్పేసింది. “తొంభై ఒకటని రాశాను. అది మొహమాటానికి చెప్పిన అవును. నిజానికి పది ఇళ్లు కూడా ఉండవు.”

కమిటీ పెద్దాయన కళ్లద్దాలు సర్దుకున్నాడు. “ఎందుకు పారబోస్తున్నారు?” అని అడిగాడు. మేడమ్ గుమ్మం దగ్గర నిలబడ్డ అత్తయ్య వైపు చూసింది.

అత్తయ్య ఒక అడుగు లోపలికి వేసింది. “మేమూ పారబోస్తున్నాం కాబట్టండి” అంది. “ఆ నీళ్లు పసరు వాసనండి. తిన్నవాళ్లు బాగుందనాలని, మేడమ్ అటు తిరిగి చార్టు చూపిస్తున్నప్పుడు వ్యాన్ పక్కన వంపేసేదాన్ని. వాళ్లంతా చూస్తూనే ఉన్నారు. మేడమ్ చెప్పింది విన్నారు, నేను చేసింది చేశారు. తప్పు నాదండి.”

పెద్దాయన నవ్వడం మొదలుపెట్టి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు. “వ్యాన్ ఏమీ నేర్పలేదని ఎవరన్నారు? బ్రహ్మాండంగా నేర్పింది!” అన్నాడు. ఆరు నెలలు గడువిచ్చాడు. ఇకమీదట వ్యాన్‌లో వండకూడదు, వాళ్లిళ్లకు వెళ్లి వాళ్ల పొయ్యిమీదే వండాలి. అత్తయ్య వెళ్లి తీరాలి. మేడమ్ రెండ్రోజులు ఆవిడతో మాట్లాడలేదు. శుక్రవారం వ్యాన్ తలుపు తీసి, “ఎక్కు” అంది.

మొదట దర్జీ ఇంటికి వెళ్లారు. ఒకటే పొయ్యి, ఇరుకు వంటిల్లు. అత్తయ్య కూర ఉడికించి, నీళ్లు గిన్నెలోకి వంచి పట్టుకుని నిలబడిపోయింది. చెయ్యి అలవాటు కొద్దీ తూము వైపే లాగుతోందట. దర్జీ భార్య వాసన చూసి ముక్కు మూసుకుంది.

“ఛీ, ఇదా మీరు మమ్మల్ని పొయ్యమనేది?”

“ఇదేనండి. నాకూ నచ్చదు.”

దర్జీ భార్య పకపకా నవ్వింది. “ఆ మాట రెండేళ్ల కిందటే చెప్పొచ్చుగా! ఇటివ్వండి గరిటె, మీరు కూర్చోండి.”

వెల్లుల్లి దంచి నూనెలో వేయించింది. పప్పులో ఆ నీళ్లు కాసిని పోసి రుచి చూసింది, పెదవి విరిచింది, కాస్త పులుపు తగిలించి మిగతావి పోసింది. ఇంకొకరు వండుతుంటే అత్తయ్య చేతులు ముడుచుకుని కూర్చున్నది జీవితంలో అదే మొదటిసారి. ఇంత సంతోషం గరిటె తిప్పినప్పుడు కూడా కలగలేదని తర్వాత నాతో అంది.

దర్జీ భార్య పప్పు గిన్నెలో వేసి ముందు పెట్టింది. అత్తయ్య రెండు ముద్దలు తిని, కోటు జేబులోంచి కాగితం, పెన్సిలు తీసింది.

“మొదట్నుంచీ మళ్లీ చెప్పండి, రాసుకుంటాను.”