కొండ సరస్సుకు చేరని బియ్యం

అమ్మ పోయి ఏడాదయింది. మలయాకు మెర్దెకా, అదే స్వాతంత్ర్యం, ఇంకా రాలేదు; ఇంగ్లీషువాళ్ళు పెట్టిన ఎమర్జెన్సీ నడుస్తోంది. ఊపిరితిత్తుల జబ్బుకు చల్లగాలి మంచిదన్నారని అమ్మను కొండ మీదికి తీసుకెళ్తే అక్కడే పోయింది. అక్కడున్న సరస్సు అవతలి ఒడ్డున దహనం చేశారు. సంవత్సరీకం పిండం కూడా అక్కడే పెట్టాలని మేనత్త పట్టుబట్టింది.

నాన్న ఇపో పట్నం దగ్గర రబ్బరు ఎస్టేటులో గుమాస్తా. దొరగారి పాత కారు, దాని వెనక తగిలించే ట్రైలర్ అడిగి తెచ్చాడు. రాత్రి పడుకోవడానికి అందులో చెక్కబల్లలు ఉన్నాయి. అత్త దానికి కోళ్ళగూడు అని పేరు పెట్టి, దారి పొడుగునా సణుగుతూనే ఉంది. నాకు తొమ్మిదేళ్ళు. నవ్వూ రాలేదు, విసుగూ రాలేదు. ఆ ఏడాదంతా నేను అలాగే ఉన్నాను.

అడవిలో తుపాకులు పట్టిన కమ్యూనిస్టులకు తిండి అందకూడదని, పోలీసు గేటు దాటి గుప్పెడు బియ్యం కూడా పోనిచ్చేవారు కాదు. దొరికితే జైలే. రోజూ పొద్దున్నే కూలీలకు ఆ రూలు చదివి వినిపించేది నాన్నే. అయినా పిండానికని చెబితే వదిలేస్తారనుకుని కొంచెం బియ్యం మూటగట్టాడు. అత్తకు ఆ నమ్మకం లేదు. నాన్నకు తెలియకుండా ఇంకో గుప్పెడు బియ్యం మూటగట్టి నా స్వెటర్ జేబులో పెట్టింది.

కొండ కింద గేటు దగ్గర నాన్న తన మూట తనే విప్పి చూపించాడు. పోలీసు తీసేసుకున్నాడు. ఇంకా ఉందా అని మలయ్ భాషలో అడిగాడు. లేదన్నాడు నాన్న. ఆ మాట అబద్ధమని నాకు తెలుసు. ఇప్పుడు నాన్నను కూడా పట్టుకుపోతారనిపించింది. జేబులో మూట తీసి పోలీసు చేతిలో పెట్టాను.

నాన్న మొహం తెల్లబోయింది. టోపీ తీసి చాలాసేపు బతిమాలుకున్నాడు. చివరికి పోలీసు మమ్మల్ని వదిలాడు, బియ్యం వదల్లేదు.

సరస్సు దగ్గర ట్రైలర్ ఆపి, ఒడ్డు చుట్టూ గంటన్నర నడిచాం. కాళ్ళు మొద్దుబారాయి. అవతలి ఒడ్డున నాన్న ఆ చల్లటి నీళ్ళలో మునిగి, వణుకుతూ లేచాడు. రామాయణం కథల్లో సీతమ్మ మామగారికి ఇసుకతోనే పిండం పెట్టిందని అత్త గుర్తుచేస్తే, తడి ఇసుకలో నువ్వులు కలిపి మూడు ముద్దలు చేశాడు. కాకి ముట్టేదాకా మేమెవరమూ ఏమీ తినకూడదు. మధ్యాహ్నం దాటేదాకా నిలబడ్డాం. ఆ చలిలోకి ఒక్క కాకీ రాలేదు.

అత్త నావైపు తిరిగింది.

"ఏటే నువ్వు సేసిన పని? మీ అమ్మ ఆకలితోనే ఎల్లిపోనాది."

అది నిజమే అనుకున్నాను. అప్పుడు కూడా ఏడుపు రాలేదు. నాన్న తిట్టినా, ఒక దెబ్బ కొట్టినా బాగుండునని మాత్రం అనిపించింది. నాన్న నన్ను చూడలేదు. అమ్మ పోయిన దగ్గర్నుంచి ఆవిడ పేరు కూడా ఎత్తని మనిషి, తడిబట్టలతో ఆ ముద్దల ముందు గొంతుక్కూర్చుని అమ్మతో మాట్లాడాడు.

"పిల్ల నన్ను కాసుకోడానికి సేసినాది. దాని మీద కోపం ఎట్టుకోకు."