సుబ్బయ్యను కరెంటు బస్సెక్కించిన రోజు

"కరెంటు బస్సా? మన ఎండకు తట్టుకోదు" అని వెంకటసుబ్బయ్య అందరి ముందూ నవ్వి, నా ప్రతిపాదనను పక్కన పడేశాడు. అప్పుడతను కడప డిపోలో మెకానిక్కుల మీద పెద్ద. నేను కర్నూలులో ఎలక్ట్రికల్ ఇంజనీరును. కొత్తగా ఏమీ కట్టక్కర్లేదు, ఉన్న డిపోలోనే, ఉన్న కరెంటు లైను మీదే బస్సులకు చార్జి ఎక్కించుకోవచ్చని రాసిచ్చాను. ఇద్దరం రిటైరై ఏళ్లయింది. ఆ నవ్వు మాత్రం నాలో రిటైరు కాలేదు. అదే డిపోలో ఇప్పుడు ఒక కరెంటు బస్సును పరీక్షగా తిప్పుతున్నారని తెలిసింది. సుబ్బయ్యను దాంట్లో కూర్చోబెట్టాలని బయలుదేరాను.

కర్నూలులో ఉదయం ఆరింటి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా ఐదు గంటల దారి, టికెట్టు మూడు వందల చిల్లర. కుడివైపు కూర్చుంటే పొద్దుటి ఎండ తగలదు. ఆళ్లగడ్డలో బొరుగుల ఉగ్గాని తిన్నాను గానీ రుచి తెలియలేదు. 'చూసినావా, మన ఎండకు తట్టుకుంది' అని సుబ్బయ్యతో అనాల్సిన మాటను నోట్లో నూరుకుంటూనే ఉన్నాను.

భోజనాలయ్యాక సుబ్బయ్య కడప బస్టాండుకు గొడుగుతో వచ్చాడు. "ఏమప్పా, ఇది ఈ పక్కనుండే దేవుని కడప దాకా అన్నా పోతుందా?"

"పోయి, తిరిగొస్తుంది. ఎక్కు."

బస్సు చప్పుడు లేకుండా కదిలింది. లోపల చల్లగా ఉంది. సుబ్బయ్య చెమట తుడుచుకునే తువ్వాలు మడిచి పక్కన పెట్టాడు. నాకు అదే పండగ. తిరుగుదారిలో డ్రైవర్ మస్తాన్ ఉన్నట్టుండి ఏసీ కట్టేశాడు.

"చార్జి అయిపోతాండాది సార్. నడిదారిలో ఆగితే బండిని కంపెనీకి వాపసు పంపిస్తారంట."

సుబ్బయ్య ముఖం వెలిగింది. "నేను ఆ పొద్దే చెప్పినా గదా!"

"మధ్యాహ్నం చార్జి పెట్టలేదా?" అన్నాను.

"బండిని వాలులో నిలబెట్టినా సార్. ఆడికి వైరు అందలే."

"వాలులో ఎందుకు?"

"సెల్ఫ్ పట్టకపోతే దొర్లించి స్టార్ట్ చేసేదానికి."

"కరెంటు బండికి సెల్ఫేంది, దొర్లించేదేందయ్యా?"

మస్తాన్ అద్దంలోంచి వెనక్కి చూశాడు. "శానా ఏండ్ల అలవాటు సార్. డీజిలు బండ్లప్పుడు, వాలులో పెట్టకుంటే మెమో ఇస్తానని బెదిరించి సుబ్బయ్య సారే నేర్పించినాడు."

చెమటలు కక్కుతూ, ప్రతి మలుపులో చార్జి ఎంత మిగిలిందో చూసుకుంటూ డిపో గేటు చేరాం. నూరుకున్న మాట అనబోయాను. సుబ్బయ్య అప్పటికే దిగి, ఎండలో వెనక్కి నడుస్తూ, చార్జర్ వైపు బండిని చేత్తో పిలుస్తున్నాడు. "రానీ, రానీ... ఆపు! ఇంకమీద ఈడనే పెట్టాల. వాలులో కనపడిందో, చూస్కో!" తర్వాత నా వైపు తిరిగాడు. "అంత పెద్ద ప్రతిపాదనలో ఈ ముక్క యాడ రాసినావప్పా?"

ఎక్కడా రాయలేదు. ట్రాముల చరిత్రలు, విద్యుత్ గ్రంథాలు ఎన్నో చదివాను. పాత డిపోను, పాత తీగను వాడుకోవచ్చని వాటిలో ఉంది. పాత డిపోతో పాటు పాత అలవాటు కూడా వస్తుందని మాత్రం ఏ పుటలోనూ చూడలేదు. నేనే గెలిచాను, బస్సు నడిచింది. అయినా కర్నూలుకు తిరుగు బస్సులో నాకు కుదురు లేదు. సుబ్బయ్య నా మాట ఇంకా ఒప్పుకోలేదు. బండిని మాత్రం తన చేత్తోనే చార్జర్ దగ్గర నిలబెట్టాడు.

మీరు కడప వెళ్తే, ఆ కరెంటు బస్సులో మధ్యాహ్నం ట్రిప్పు ఎక్కేముందు డ్రైవర్‌ను ఒక్క మాట అడగండి: "అన్నా, భోజనాలప్పుడు బండి యాడ పెట్టినావు?"