ఉబ్బిన బ్యాటరీ తోసింది నేనే

ఆరేళ్ళుగా నా గుండెల మీద ఒక బ్యాటరీ ఉంది. అరచేతిలో ఇమిడేది. చెబితే నవ్వుతారు. నవ్వండి. కానీ దాని కింద పడి నలిగింది నేను కాదు, ఇంకొక మనిషి. అది చెప్పాలనే కూర్చున్నాను.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. పేరు రాయకుండా తప్పు ఒప్పుకుంటే అదేం ఒప్పుకోవడమని అడుగుతారేమో. అడగండి. ముందు జరిగింది వినండి.

మాది పూతలపట్టుకు దగ్గర పల్లె. నలభై ఏళ్ళు మైకుసెట్టు నడిపాను. పెళ్ళి, జాతర, ఎలక్షను, ఏదైనా నా హారన్లే మోగాలి. కరెంటు రాని ఊళ్ళలో లారీ బ్యాటరీ పెట్టి తెల్లవార్లూ పాటలు వేసిన వాణ్ణి. బ్యాటరీ గురించి నాకు తెలిసింది ఒకటే ధర్మం. వాడినా వాడకపోయినా అది నిండుగా ఉండాలి. ఖాళీగా మూల పడేస్తే చచ్చిపోతుంది. డిస్టిల్ వాటర్ పోసి, టెర్మినళ్ళకు వాసలైన్ రాసి, చంటిబిడ్డను సాకినట్టు సాకేవాణ్ణి. నా చేతిలో ఒక్కొక్కటి ఆరేళ్ళు బతికేది. ఆ విషయంలో నాకు చెప్పేవాడు ఈ చుట్టుపక్కల లేడని నా నమ్మకం. ఊరి నమ్మకం కూడా అదే.

చదువు మాత్రం లేదు. అక్షరాలు నాకు అరవై నాలుగో ఏట వచ్చాయి. అంతవరకు చదువు రాదన్న సంగతి నా భార్యకు తప్ప ఎవరికీ తెలియదు. క్యాసెట్లు అట్ట మీద బొమ్మను బట్టి గుర్తుపట్టేవాణ్ణి. సంతకం ముగ్గు వేసినట్టు వేసేవాణ్ణి. పేపరు చేతికిస్తే కళ్ళజోడు పెట్టుకుని, చదివే మనిషికి ఎంతసేపు పడుతుందో అంతసేపు చూసి మడిచేవాణ్ణి.

మస్తాన్ ఫోటోగ్రాఫరు. అప్పటికి నలభై దాటాయి. నా రేకుల షెడ్డులో సగం అతనికి బాడుగకు ఇచ్చాను. పెళ్ళిళ్ళకు ఇద్దరం కలిసే పోయేవాళ్ళం. పాట నాది, ఫోటో అతనిది. అతను డ్రోన్ తెచ్చిన రోజు మా వీధి అంతా తల పైకెత్తి నిలబడింది. అంత నిదానంగా, అంత ఒద్దికగా ఎగరేసేవాడు, పెళ్ళికూతురి కొంగు కూడా కదిలేది కాదు. పైనుంచి మామిడి తోపుల మధ్య ఊరేగింపు తీసి చూపిస్తే ముసలివాళ్ళు సైతం మళ్ళీ పెళ్ళి చేసుకుంటామనేవారు.

దానికి మూడు బ్యాటరీలు. ఛార్జింగు సంగతి నేను చూసుకుంటానన్నాను. అతను అడగలేదు, నేనే అన్నాను. బ్యాటరీ అనేది నా దగ్గర ఉండాల్సిన వస్తువు కదా. అతను ఒక కాగితం మీద ఏదో రాసి, బ్యాటరీల పెట్టె మూతకు లోపలివైపు అంటించాడు.

"మామా, దీని కతే వేరు. అన్నీ ఈడ రాసినా. ఒకసారి సూసుకో" అన్నాడు.

కళ్ళజోడు పెట్టుకున్నాను. చూడాల్సినంతసేపు చూశాను. "బ్యాటరీ గురించి నాకే సెప్తాండావా అప్పా?" అన్నాను.

అతను నవ్వి చెవులు పట్టుకున్నాడు. "తప్పు మామా, తప్పు. నీకు సెప్పేంత మొగోణ్ణా నేను."

ఆ నవ్వు దగ్గరే నేను ఆగి ఉండాల్సింది. నాకు చదవడం రాదప్పా, నువ్వే నోటితో చెప్పు అంటే నిమిషం పని. ఎందుకు అనలేదు? సిగ్గా? సిగ్గు చిన్న మాట. నలభై ఏళ్ళు కట్టుకున్న గోడలో ఒక్క ఇటుక నా చేత్తో నేనే తీయాలి. తీయలేకపోయాను.

నా పద్ధతిలో నేను సాకాను. ప్రతి పెళ్ళి తర్వాత మూడింటినీ నిండుగా ఛార్జి చేసి, రేకుల కింద అలమరలో పెట్టేవాణ్ణి. వాటి మీద నాలుగు చిన్న లైట్లు ఉంటాయి. వారం తర్వాత నొక్కి చూస్తే రెండే వెలిగేవి. కారిపోతున్నట్టుంది, కొత్త సరుకింతే అనుకుని మళ్ళీ నింపేవాణ్ణి. వాడకుండా పెడితే తనంతట తాను తగ్గడమే దానికి ఆరోగ్యమని నాకేం తెలుసు? తగ్గిన ప్రతిసారీ నింపాను. ఆ ఎండాకాలం షెడ్డులో రేకులు కాలి, చెయ్యి ఆనిస్తే బొబ్బ లేచేది. ఆ వేడిలో నిండు బ్యాటరీలు. చెడగొడదామని చేసింది కాదు. ప్రేమగానే చెడగొట్టాను.

ఇంతవరకు తెలియనితనం. దాన్ని నేను ఒప్పుకోలు కింద రాయడం లేదు. తెలియనితనానికి నన్ను నేను ఎప్పుడో క్షమించుకున్నాను. నా తప్పు ఇక్కడి నుంచి మొదలవుతుంది.

వైశాఖంలో ఒక పెళ్ళికి నాలుగు రోజుల ముందు చూస్తే, ఒక బ్యాటరీ పొట్ట ఉబ్బి ఉంది. బల్ల మీద పెడితే గుండ్రాయిలా అటూ ఇటూ ఊగింది. చూసిన క్షణమే తెలిసింది, ఇది రోగం అని. లారీ బ్యాటరీ అయినా ఉబ్బితే పక్కన పెడతాం కదా. నలభై ఏళ్ళ అనుభవం ఉన్నవాడికి ఆ మాత్రం తెలియదా? తెలుసు. కానీ మస్తాన్‌కు చెబితే, ఎట్ల ఉబ్బింది మామా, కాగితంలో రాసినట్టే చేసినావా అని అడుగుతాడు. ఆ ప్రశ్నకు భయపడ్డాను. ఉబ్బిన దాని మీద నా పెద్ద ఆంప్లిఫయరు ఎత్తి పెట్టాను. రెండు రోజుల బరువుకు కొంచెం అణిగింది. అణిగింది, చాలు అనుకున్నాను.

పెళ్ళి మామిడి తోపులో. డ్రోన్ పైనుంచి తీయడానికని మంటపం మీద పందిరి కప్పు తెరిచి ఉంచారు. ఉదయం పదిన్నరకు ముహూర్తం. తాళి కట్టడం ఒక బ్యాటరీతో తీశాడు. తలంబ్రాలకు రెండోది మార్చాలి. అతని ఒక చేతిలో రిమోటు, మెడలో కెమెరా. నేనే వేస్తానని తీసుకున్నాను. చేతికి వచ్చింది ఆ ఉబ్బినదే. మూడోది కూడా పెట్టెలో ఉంది. దాన్ని తీయొచ్చు. తీయలేదు. ఎందుకు తీయలేదో ఇప్పటికీ నాకు నేను సరిగ్గా చెప్పుకోలేను. పెళ్ళికొడుకు వాళ్ళు కేకలేస్తున్నారు, తొందర అంటాను ఒకసారి. అణిగింది కదా, ఏం కాదులే అన్న మొండితనం అంటాను ఇంకోసారి. రెండూ నిజమే కావచ్చు. బొటనవేలితో తోశాను. బ్యాటరీ కూర్చుంటే రెండు వైపులా టక్కుమనాలి. ఒక వైపే అన్నది. రెండో వైపు అనలేదు.

విన్నాను. నలభై ఏళ్ళు చప్పుడుతో బతికినవాణ్ణి, అనని చప్పుడును కూడా వింటాను. అయినా "ఎగరెయ్యప్పా" అన్నాను.

మంటపం పైన నిలిపాడు. కింద తలంబ్రాలు పోస్తున్నారు. ఉన్నట్టుండి పైన రొద తెగిపోయింది, సెట్టుకు వైరు పీకేసినట్టు. డ్రోన్ రాయిలా వచ్చి పెళ్ళికూతురి పెద్దమ్మ భుజం మీద పడింది. ఆమె భుజం ఎముక విరిగింది. రెక్క తగిలి చెంప కోసుకుపోయింది. తలంబ్రాల బియ్యం మీద రక్తం పడింది.

అందరి కళ్ళూ ఆమె మీద. నా కళ్ళు మాత్రం గాలిలోనే విడిపోయి వేరుగా పడిన ఇంకో వస్తువు మీద. అది వంట పొయ్యిల వెనక గడ్డిలో పడింది. వెళ్ళాను. ఇంకా వేడిగా ఉంది. తుండుగుడ్డలో చుట్టి, హారన్ల గోతంలో వేశాను. ఇది తొందర కాదు. ఇది తెలియనితనం కాదు. దొంగతనం లాంటి పని, నిదానంగా చేశాను.

ఆ పెద్దమ్మ మూడు నెలలకు కోలుకుంది. మస్తాన్ కోలుకోలేదు. తలంబ్రాల వేళ ఆకాశం నుంచి పడి రక్తం చూపించింది, ఆ మనిషి చెయ్యి మంచిది కాదు అన్నారు. యంత్రం చెడిందని ఎవరూ అనలేదు. యంత్రం చెడితే బాగు చేయించవచ్చు. చెయ్యి మంచిది కాకపోతే ఏం చేస్తారు? శుభకార్యాలు చేసుకునేవాళ్ళు అతని చెయ్యి తగలకూడదనుకున్నారు. ఒక్కొక్క పెళ్ళీ తప్పిపోయింది. ఫోటోలకు కూడా పిలవడం మానేశారు.

ఆ బ్యాటరీ దొరికితే చూపించవచ్చు, ఇదిగో ఊడిపోయింది ఇది, నా చెయ్యి కాదు అని. మస్తాన్‌కు ఆ ఆశ. మూడు రోజులు ఆ తోపంతా వెతికాడు. నేనూ వెంట వెళ్ళి వెతికాను. అవును, మీరు సరిగ్గానే చదివారు. నా షెడ్డులో ఇసుక బకెట్టులో దాచిన దానికోసం, నేనూ వంగి గడ్డి పాయలు తీసి వెతికాను.

మూడో రోజు అతను ఒక చెట్టు మొదట్లో కూలబడ్డాడు.

"మామా, నువ్వే కదా వేసింది. బాగుండిందా అది? ఉబ్బలేదు కదా?"

"బాగుండిందప్పా. టక్కుమనింది, విన్యా."

"అయితే నేనే. నేనే ఏదో తప్పు నొక్కినట్టుండా."

"పోనీలే మస్తానూ, ఎవురికైనా జరుగుతాది."

"ఎవురికైనా జరగలేదు మామా, నాకు జరిగింది" అని లేచి, మళ్ళీ వెతకడం మొదలుపెట్టాడు.

ఆ వారమే బ్యాటరీని తీసుకుపోయి ఒక పాడుబడ్డ బావిలో వేశాను. మస్తాన్ ఏడాది లోపల కెమెరా కూడా వదిలేశాడు. పులికాట్ ఒడ్డున రొయ్యల షెడ్డులో ఐసు పెట్టెలు ఎత్తే పనిలో చేరాడు. నెలకొకసారి ఇంటికి వస్తాడు. వచ్చినప్పుడు నన్ను పలకరించి, కాఫీ తాగించకుండా పోడు. అదే నాకు శిక్ష అని చాలాసార్లు అనుకున్నాను. ఉత్త మాట. శిక్ష పడింది అతనికి. నాకు కాఫీ పడింది, అతని చేత్తో.

అతని భార్య నస్రీన్ ఇంటర్ చదివింది. మొగుడు పులికాట్ పోయాక, సాయంత్రాలు బడి వరండాలో పెద్దవాళ్ళకు చదువు చెప్పడం మొదలుపెట్టింది. నేను వెళ్ళి కూర్చున్నాను. అక్షరాల కోసమే వెళ్ళానా? ఆ మూత మీద కాగితం ఏమందో తెలుసుకోవడానికా? లేక రోజూ ఆమె ముఖం ఎదుట కూర్చుంటే ఏదో తీరుతుందనుకున్నానా? ఎందుకు వెళ్ళానో గానీ, నా వేలు పట్టుకుని ‘అ’ దిద్దించింది ఆమె. "మామా, నీకు సదువు రాదని మాకెవురికీ తెలీదే!" అని ఆశ్చర్యపోయింది. ఎగతాళి చేయలేదు. నేను నలభై ఏళ్ళు దేనికి భయపడ్డానో, అది జరగనే లేదు.

ఏడాదికి కూడబలుక్కుని చదవడం వచ్చింది. ఒకరోజు తలుపు వేసుకుని, మస్తాన్ షెడ్డులోనే వదిలేసిపోయిన ఆ పెట్టె మూత తెరిచాను. కాగితం పసుపు పట్టింది. ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టి చదివాను. "నిండుగా పెట్టి ఉంచద్దు. రెండు లైట్లు చాలు. రేకుల కింద వేడికి వద్దు. పెళ్ళికి ముందు రోజే నింపాల. ఉబ్బితే ఎగరేసేది లేదు. నాకు చెప్పు మామా."

చివరి ముక్క నన్ను పిలిచి రాసింది. అది చదివాక కూడా చెప్పలేదు. రెండేళ్ళు చెప్పలేదు. ఇప్పుడు చదువు కూడా వచ్చింది, ఇక ఏ సాకు ఉంది? ఏమీ లేదు. ఊరు ఏమంటుందోనన్న భయమే. అరవై ఏడేళ్ళవాణ్ణి, ఊరితో నాకింకా ఎన్నాళ్ళ పని?

పోయిన వారం క్లాసులో నస్రీన్, ఎవరి జీవితంలో జరిగిన సంగతి వాళ్ళు ఒక పేజీ రాయమంది. మిగతావాళ్ళు తిరుమల కొండ ఎక్కిన సంగతి, ఆవు ఈనిన సంగతి రాశారు. నేను నాలుగు ముక్కలు రాశాను. ఆ బ్యాటరీ ఉబ్బింది. నేను చూశాను. నేనే తోశాను. పడ్డాక నేనే దాచాను. కింద పేరు రాసి సంతకం పెట్టి ఇచ్చాను.

ఆమె ఎర్ర పెన్నుతో దిద్దడం మొదలుపెట్టింది. ‘ఉబ్బింది’లో బావొత్తు తప్పు రాశాను, సరిచేసింది. రెండో ముక్క దగ్గర పెన్ను ఆగింది. చివరి దాకా చదివింది. మళ్ళీ మొదటి నుంచి చదివింది. నా ముఖం వైపు చూడలేదు. నోటుపుస్తకం మూసి తన సంచిలో పెట్టుకుంది. "ఇది ఆయనకు సూపించాల" అంది. అంతే. క్లాసు అయ్యేవరకు మిగతావాళ్ళకు ఒత్తులు చెప్పింది.

మస్తాన్ ఆదివారం వస్తాడు. వచ్చి కొట్టవచ్చు, తిట్టవచ్చు, గుమ్మం ముందు నుంచి చూడకుండానే పోవచ్చు. క్షమించమని అడగను. ఆరేళ్ళు అతని చెయ్యి మంచిది కాదని ఊరు అంటుంటే విని ఊరుకున్న వాడికి ఆ మాట నోట రాకూడదు. ఆ పెళ్ళివారింటికి కూడా వెళ్ళి, రక్తం చూపించింది అతని చెయ్యి కాదు, నాది అని చెబుతాను.

ఆ పుస్తకం ఆమె దగ్గరే ఉండిపోయింది కాబట్టి కొత్తది కొన్నాను. మీకు రాస్తున్నది ఇందులోనే. ఆ నాలుగు ముక్కలు ఒకసారి బయటపడ్డాక మిగతాది ఆగడం లేదు. బరువు తగ్గిందా అంటే తగ్గలేదు. ఇన్నాళ్ళూ దాచి మోశాను, ఇప్పుడు చేతిలో పట్టుకుని అందరికీ కనబడేలా మోస్తున్నాను. ఊపిరి మాత్రం ఆడుతోంది.

ఈ సాయంత్రం క్లాసు ఉంది. వెళ్తాను. కూర్చోనిస్తే కూర్చుంటాను.