ఏసేపు ఇసుక మడి

కర్నూలు రాజధాని అయిన మరుసటేడు, ఇంజనీరు దొర బంగళా తోటలోకి ఏసేపు కొత్తగా పనికి వచ్చాడు. అప్పటికి పన్నెండేళ్ళుగా ఆ తోట ఓబులేసు ఒక్కడిదే. దొరలు మారినా తోటమాలి మారలేదు.

శ్రావణంలో అమ్మగారు దారి పొడుగునా రోజా చెట్లు కావాలన్నారు. ఓబులేసు నల్లరేగడిలో మాగిన గొర్రె ఎరువు దండిగా కలిపి, జానెడు కొమ్మలు గుచ్చాడు. ఏసేపు తుంగభద్ర ఇసుక తెచ్చి, నీళ్ళు తేటపడేదాకా కడిగి, వట్టి ఇసుకలోనే గుచ్చాడు.

"ఇసకలో ఏం తిని బతుకుతాయప్పా?" అని నవ్వాడు ఓబులేసు.

"వేరు రాని కొమ్మ ఏం తింటాదన్నా? ఎరువు పెడితే కుళ్ళుతాది. దానికి తేమా గాలీ ఉంటే శాలు," అన్నాడు ఏసేపు.

మూడు వారాలకు ఓబులేసు కొమ్మలు అడుగున నల్లబడ్డాయి. ఏసేపువి ఎర్రటి చిగుళ్ళు వేశాయి. అమ్మగారు చూసి, "నీ చేయి మంచిదయ్యా ఏసేపూ," అన్నారు. పన్నెండేళ్ళలో ఓబులేసుతో ఎవరూ అనని మాట అది.

ఆదివారం ఏసేపు చర్చికి పోయినప్పుడు, ఓబులేసు చిక్కటి పేడనీళ్ళు కడవతో తెచ్చి ఆ ఇసుకలో పోశాడు. పైన పొడి ఇసుక చల్లాడు. పది రోజుల్లో కొమ్మలు సగానికి పైగా చచ్చాయి.

ఏసేపు మడి ముందర గొంతుక్కూర్చున్నాడు. "ఇసక నేనే సరిగా కడగలేదేమో. పెద్దోనివి, నువ్వు చూసి చెప్పన్నా."

"ఏటి ఇసకను నమ్మేదెట్లప్పా," అని ఓబులేసు మొహం తిప్పుకున్నాడు. తనను అనుమానించినా బాగుండేదనిపించింది. అదీ చేయనందుకు వాడి మీద మంట ఇంకా పెరిగింది.

ఏసేపు మళ్ళీ ఏటికి పోయాడు. కార్తీకానికి దారి పొడుగునా రోజాలు నిలబడ్డాయి.

రెండేళ్ళకు రాజధాని హైదరాబాదుకు తరలిపోయింది. దొర ఏసేపును వెంట తీసుకుపోయాడు. లారీ ఎక్కే ముందు ఏసేపు, "మడి నువ్వు చూసుకోన్నా," అన్నాడు. చేసింది చెప్పుకోవాలంటే అదే సమయం. కానీ తనను ఎవరూ రమ్మనలేదన్న కడుపుమంట ఓబులేసును నోరు తెరవనివ్వలేదు.

మరుసటి వానలకు అతను కడిగిన ఇసుకలో అరవై కొమ్మలు గుచ్చాడు. యాభైకి పైగా వేళ్ళు పట్టాయి.

"ఈ పద్ధతి ఎవరు నేర్పారు?" అని కొత్త దొర అడిగాడు.

"మా నాయన," అన్నాడు ఓబులేసు.

వాళ్ళ నాయన బతికినన్నాళ్ళూ గొర్రెలు కాశాడు. ఒక్క చెట్టయినా నాటి ఎరగడు.