దట్టించిన మందు

గంగన్నది నిర్మల్ దగ్గర ఊరు. దోహాలో పాత కర్రసామాను బాగుచేస్తాడు. ముఐథర్‌లో అతని గదిలోనే ఉండే డ్రైవర్ ఖయ్యూమ్ ఒకరోజు అతణ్ణి అల్ ఘర్రాఫాలో తన యజమాని ఇంటికి తీసుకుపోయాడు. ఆ పెద్దాయనకు పాత వేటతుపాకులంటే ప్రాణం. అమెరికా నుంచి తెప్పించిన చెకుముకి తుపాకి ఒకటి పిడి దగ్గర చీలి ఉంది.

అంత అందమైన తుపాకిని గంగన్న ఎన్నడూ చూడలేదు. మేపుల్ కర్ర నిండా పులిచారలు. భుజానికి ఆనించే మడమలో నూనెగుడ్డ దాచుకునే అర, దానికి ఇత్తడి మూత, మూతమీద సన్నటి తీగల చెక్కడం. రెండు వందల ఏళ్ల కిందటి వేటగాడు చెంప ఆనించిన చోట కర్ర అరిగి నున్నబడింది. అక్కడ వేలు పెడితే వెచ్చగా తగిలినట్టనిపించి గంగన్న చెయ్యి తీసేశాడు.

పని మొదలుపెట్టేముందు గొట్టంలోకి మందు దట్టించే కడ్డీ, గజం దింపాడు. అది అడుగుదాకా పోలేదు. గొట్టం బయట ఆనించి చూస్తే లోపల నాలుగు వేళ్లు తక్కువ దిగింది. తుపాకి మూతిని గోడవైపు తిప్పి పెట్టాడు.

"ఖయ్యూమ్ భాయ్, దీంట్ల మందున్నది. మూతి ముందటికి ఎవలూ రావొద్దు."

అతని చిన్నతనంలో ఇంట్లో ఒక నాటుతుపాకి ఉండేది. ఖాళీదే అనుకొని అన్న దాన్ని తుడవబోతే పేలింది. అన్న దహనం అయ్యాక తండ్రి బతికినన్నాళ్లూ ఆ ఊసెత్తలేదు.

పెద్దాయన పిలిపించిన నిపుణుడు గుండును జాగ్రత్తగా బయటికి లాగాడు. దానికి చుట్టిన గుడ్డపేలిక మీద నీలిచారలు ఇంకా పోలేదు. కాగితం మీద పోసిన మందు పొడిగానే ఉంది.

తర్వాత చీలిక అతికిస్తున్నన్ని రోజులూ, పట్టపగలే, వెనక ఎవరో ఊపిరి బిగబట్టి నిలబడ్డట్టు ఉండేది గంగన్నకు. తిరిగి చూస్తే ఖాళీ గోడ. ఆ వేటగాడి ముఖం ఊహించబోతే అన్న ముఖమే వచ్చేది.

శుక్రవారం తల్లి భూమవ్వకు ఫోన్ చేశాడు. ఇన్నేళ్లూ అడగనిది అడిగాడు. తుపాకిలో మందున్న సంగతి నాయినకు తెలుసా అని.

భూమవ్వ గొంతు తగ్గించింది.

"ఎర్కేరా. మక్కచేన్ల పందికోసం దట్టించిండు. వాన కొట్టింది. తడిసిన మందు పేలదనుకొని తెచ్చి మూలకు పెట్టిండు. నువ్వు ఎవలతోని అనకు."

గంగన్న అననన్నాడు.

తుపాకి బాగైంది. పెద్దాయన సంతోషించి, ఇంకో రెండు తుపాకులున్నాయి, చేస్తావా అని అడిగాడు. గంగన్న చేతకాదని చెప్పి వచ్చేశాడు. ఆ ఇంటికి మళ్ళీ వెళ్ళలేదు. కానీ ఇప్పటికీ ఏదైనా చెక్క చిత్రిక పడుతూ ఉన్నట్టుండి పక్కకు జరుగుతాడు, తన వెనకున్నవాడికి దారి ఇస్తున్నట్టు.